బాబాయికి చేసిన బెల్టు మేకుకి వేలాడుతోంది

ఈ వారం ఉత్తరం పశ్చిమగోదావరి జిల్లా నుంచి ఒక అమ్మాయి రాసింది. పేరు వేయొద్దంది, ఊరి పేరు నేనే తీసేశా. ఫోన్లో టైప్ చేసి నాలుగు ముక్కలుగా పంపింది, మూడో ముక్క రాత్రి రెండింటికి వచ్చింది, అది ఏడుస్తూ రాసిందని చదువుతుంటేనే తెలుస్తోంది, అదంతా ఇక్కడ పెట్టట్లేదు, విషయం మాత్రం చెప్తా.

ఈ అమ్మాయికి మొన్ననే ఈసీఈ అయిపోయింది. వాళ్ళ బాబాయికి 52 ఏళ్ళు. కుర్రతనంలో రేచీకటితో మొదలైంది, రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, పక్క చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి 14 ఏళ్ళ కిందట వెలుగుకీ చీకటికీ తేడా తెలియడం తప్ప ఇంకేం మిగల్లేదు. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు నడుపుతాడు, నోటు తడిమి ఎంతదో చెప్పేస్తాడు, పొద్దున్నే వెదురు చేతికర్ర పట్టుకుని కాలవ గట్టు మీదుగా టీ కొట్టు దాకా ఒక్కడే వెళ్ళొస్తాడు. తెల్ల కర్ర కొనిస్తానంటే "అది గుడ్డికర్ర, నాకొద్దు" అన్నాడట.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఆయన కోసమే చేసింది. నడుముకి బెల్టు, ముందు వైపు మూడు అల్ట్రాసోనిక్ సెన్సర్లు (మనకి వినపడని శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో దూరం కొలిచేవి), లోపల వైపు ఆరు వైబ్రేషన్ మోటార్లు, వీటిని నడిపే ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, బ్యాటరీ. మీటరున్నర లోపు ఏదైనా అడ్డం వస్తే ఆ వైపు మోటారు కొడుతుంది, దగ్గరయ్యే కొద్దీ గట్టిగా కొడుతుంది. హాస్టల్లో ఫ్రెండ్స్ కళ్ళకి గంతలు కట్టి టెస్ట్ చేస్తే అందరూ సూపర్ అన్నారు. కాలేజీ ఎక్స్‌పోకి బాబాయిని తీసుకెళ్ళి కొత్త ప్యాంటు, షూస్ కొని వేయించి అట్టపెట్టెల మధ్య నడిపించారు. ఫస్ట్ ప్రైజ్. వీడియో తీశారు, మొదటిసారి ఒక పెట్టెని తన్నేశాడు కాబట్టి రెండోసారి తీశారు, అదీ రాసింది, దాచలేదు.

ఇంటికొచ్చాక బాబాయి మూడు రోజులు పెట్టుకున్నాడు. వీధి పిల్లలు "తాతకి నడుముకి బాంబు కట్టారు" అని వెంటపడ్డారు, కుక్కలు మొరిగాయి. నాలుగో రోజు నుంచి బెల్టు కొట్లో మేకుకి వేలాడుతోంది. అడిగితే "జాగ్రత్తగా దాచుకున్నానమ్మా" అంటాడు. ఒక రోజు పిన్నితో అంటుంటే వినపడింది, "అది పెట్టుకుంటే నాకు చెవులు కూడా పోయినట్టుందే" అని. ఆ మాట ఈ పిల్ల గుండెల్లో దిగిపోయింది.

ఇక్కడితో అయిపోలేదు. ప్రాజెక్టులో పార్టనర్ ఒకబ్బాయి దీన్ని స్టార్టప్ చేద్దామంటున్నాడు, ఇంక్యుబేషన్‌కి, అంటే కొత్త కంపెనీలకి మొదట్లో చేయూతనిచ్చే చోటికి, అప్లై చేయాలి, ఫారంలో "యూజర్ టెస్టింగ్" అని ఒక గడి ఉంది, అందులో బాబాయి వీడియో పెట్టేద్దామంటాడు. వాళ్ళ నాన్నేమో తమ్ముడి మీద కోపంగా ఉన్నాడు, "పిల్ల ఆరు నెలలు కష్టపడి చేస్తే పట్టుమని పది రోజులు కట్టుకోలేడా" అని, అన్నదమ్ములు పండక్కి కూడా సరిగా మాట్లాడుకోలేదట. ఆఖర్న మూడు ప్రశ్నలు అడిగింది. బాబాయిది మొండితనమా? నా డిజైన్ తప్పా? ఆ వీడియోతో అప్లై చెయ్యనా వద్దా?

ఇక నా మాట.

నువ్వు అనేస్తున్నా, నాకు నీకన్నా పెద్ద కూతురుంది, ఏమనుకోకు. ముందు నీ ఉత్తరంలో నువ్వు పట్టించుకోకుండా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగుతా. హాస్టల్లో ఫ్రెండ్స్‌కి గంతలు కట్టి టెస్ట్ చేశానన్నావు చూడు, నాకైతే మొత్తం కథ అక్కడే ఉంది. కళ్ళున్నవాళ్ళకి గంతలు కడితే వాళ్ళు ఆ క్షణానే చూపు పోయిన మనుషులవుతారు, భయంతో చేతులు చాపి నడుస్తారు, వాళ్ళకి ఇంకో ఆధారం లేదు, అలాంటప్పుడు నడుము దగ్గర ఏది జిర్రుమన్నా ప్రాణం లేచొస్తుంది. నీ బెల్టు ఆ మనిషికి బాగా పనికొస్తుంది. మీ బాబాయికి చూపు పోయి 14 ఏళ్ళయింది. ఈ 14 ఏళ్ళలో ఆయన ఏం నేర్చుకున్నాడో నీ డిజైన్‌లో ఎక్కడా లేదు. గోడ ఎక్కడుందో ఆయనకి నీ బెల్టు చెప్పక్కర్లేదు, ఎప్పుడో తెలుసు.

ఎలా తెలుసో చెప్తా, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. చూపు లేని వాళ్ళు చాలామంది "గోడ దగ్గరికొస్తే మొహం మీద ఏదో బరువుగా అనిపిస్తుంది" అంటారు. మీ బాబాయిని అడుగు, ఆయనా ఇలాంటిదేదో చెప్పొచ్చు. పూర్వం పరిశోధకులు కూడా దీన్ని మొహం చర్మానికున్న శక్తే అనుకున్నారు, ఇంగ్లీషులో దానికి ఫేషియల్ విజన్ అనే పేరు కూడా ఉండేది. 1944లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి చూశారు. మొహానికి ముసుగేస్తే కూడా గోడ తెలిసింది, చెవులు మూసేస్తే మాత్రం నేరుగా వెళ్ళి గుద్దుకున్నారు. అంటే మొహం మీద బరువు అనిపించేది నిజానికి చెవి చేస్తున్న పని, అడుగుల చప్పుడు గోడకి కొట్టుకుని వెనక్కి రావడం, చెవి దాన్ని పట్టుకుంటోంది కానీ ఆ మనిషికి మాత్రం మొహం మీద తెలిసినట్టుంటుంది. అమెరికాలోనే డేనియల్ కిష్ అని ఒకాయన ఉన్నారు, చిన్నప్పుడే రెండు కళ్ళూ పోయాయి, నాలికతో టక్ టక్ మని శబ్దం చేస్తూ ఆ ప్రతిధ్వనితో సైకిల్ కూడా తొక్కుతారు.

ఇప్పుడు మీ ఎక్స్‌పో రోజు గుర్తు తెచ్చుకో. బాబాయి రోజూ వేసుకునేవి హవాయి చెప్పులే అయ్యుంటాయి. ఆ టపటప చప్పుడే ఆయన టార్చ్‌లైటు. నువ్వేమో ప్రేమగా మెత్తటి సోలు షూస్ కొని వేయించి, చెమట వాసనా ఫ్యాన్ల గోలా ఉన్న హాల్లో, అట్టపెట్టెల మధ్య నిలబెట్టావు, పైగా నడుము చుట్టూ ఆరు మోటార్లు గుయ్యిమంటున్నాయి. పెట్టెని తన్నేశాడంటే తన్నడూ మరి! "చెవులు కూడా పోయినట్టుంది" అన్నాడు కదా, అది నిన్ను తిట్టిన తిట్టనుకుని నువ్వు ఏడిచావు, నాకది ఇప్పటిదాకా నీకొచ్చిన వాటిల్లో మంచి టెస్ట్ రిపోర్టులా కనపడుతోంది, ఏ ప్రొఫెసరూ నీకు అంత సూటిగా చెప్పలేదు.

నేనూ ఇలాంటి ఘనకార్యమే ఒకటి చేశాలే. మా నాన్నగారికి వినికిడి తగ్గితే కాలింగ్ బెల్ మోగినప్పుడు చేతికి కొట్టుకునేలా ఒక రిస్ట్ బ్యాండ్ చేశా, మైక్ పెట్టి. కుక్కర్ విజిల్‌కి కొట్టుకుంది, మిక్సీకి కొట్టుకుంది, పక్కింటి వాళ్ళ కాలింగ్ బెల్‌కీ కొట్టుకుంది. ఆయన మొదటి రోజు పధ్నాలుగు సార్లు తలుపు తీసి చూశారు. రెండో రోజు దాన్ని తీసి దేవుడి గూట్లో పెట్టారు, కూతురు చేసింది కదా పారెయ్యలేక. మీ బాబాయి మేకు, మా నాన్న దేవుడి గూడు, ఒకటేనమ్మా. కాబట్టి మొండితనమా అన్న ప్రశ్నకి నా జవాబు తేలిపోయింది. బాగాలేదని నీ మొహం మీద చెప్పలేక దాచుకున్నానన్నాడు, పిన్నితో మాత్రం నిజం చెప్పుకున్నాడు.

రెండో ప్రశ్నకి కొంచెం ఎక్కువ టైం తీసుకుంటా. నువ్వు కోడ్ స్క్రీన్‌షాట్ కూడా పంపావు కాబట్టి చూశా. మూడు సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి పలుకుతున్నాయి, ఒక్కోదానికీ 60 మిల్లీసెకన్లు ఇచ్చావు, సెన్సరు వివరాలుండే డేటాషీట్‌లో అలాగే చెప్తారు కాబట్టి అది కరెక్టే, ఒకదాని ప్రతిధ్వని ఇంకోదానికి వినపడకూడదని. అంటే ఒక రౌండుకి 180. ఆ పైన రీడింగులు ఎగురుతున్నాయని అయిదు రౌండ్ల సగటు తీశావు. 180 ని అయిదుతో గుణించు, 900 మిల్లీసెకన్లు. మనిషి మామూలుగా నడిస్తే సెకనుకి మీటరు దాటుతాడు. మీటరున్నర దూరంలో గుర్తు పట్టాల్సిన దాన్ని నీ బెల్టు ఖాయంగా చెప్పేసరికి బాబాయి దాని మొహం మీద ఉంటాడు, ఆ తర్వాత ఆ చిన్న మోటారు తిరగడం అందుకోడానికి ఇంకొంచెం టైం. హాస్టల్లో గంతలు కట్టుకున్న వాళ్ళు ఎందుకు గుద్దుకోలేదంటావా, వాళ్ళు భయపడి అంగుళం అంగుళం నడిచారు కాబట్టి. సగటు బదులు మూడు రీడింగుల్లో మధ్యది తీసుకున్నా, పక్క సెన్సర్లు రెండూ పీకేసి ఒక్కటే ఉంచినా ఈ గొడవ చాలావరకు పోతుంది. సరిచెయ్యగలిగిన తప్పు ఇది, దీనికి బెంగ పెట్టుకోకు.

దగ్గరయ్యే కొద్దీ గట్టిగా కొట్టడం అన్నావు, అది కూడా చర్మానికి అర్థమయ్యే భాష కాదు. ఎంత గట్టిగా అన్నది మనం పోల్చి చెప్పగలం కానీ ఉన్నపళంగా కొలిచి చెప్పలేం, పైగా ఒకే చోట ఆగకుండా కొడుతుంటే కాసేపటికి చర్మం దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, మొలతాడు ఉన్నట్టు మనకి రోజంతా గుర్తుండదు చూడు, అలా. లయ మార్చి కొడితే, దూరంగా ఉంటే టక్...టక్, దగ్గరైతే టకటకటక, అది బాగా తెలుస్తుంది. ఇక కుక్కల సంగతి, నవ్వకు, నీ సెన్సరు పలికేది 40 కిలోహెర్ట్జ్‌లో, మనకి వినపడదు కానీ కుక్కలకి వినపడే పరిధిలోనే ఉంది. పాపం అవి బాబాయి వేషం చూసే మొరిగాయో, ఆ చప్పుడుకే మొరిగాయో.

ఇవి చిన్నవి. అసలు పెద్దది ఏంటంటే ఎటు చూడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నది. పాల్ బాక్ ఇ రీటా అని ఒక అమెరికన్ శాస్త్రవేత్త 1969లో ఒక ప్రయోగం ప్రచురించారు. పాత డెంటిస్ట్ కుర్చీ ఒకటి తీసుకుని దాని వీపు భాగంలో 20 వరసలు 20 చొప్పున 400 చిన్న కదిలే పుల్లలు పెట్టారు, టీవీ కెమెరా ముందు ఏముంటే ఆ ఆకారం చూపులేని మనిషి వీపు మీద పొడుస్తుంది. కెమెరాని వేరేవాళ్ళు పట్టుకున్నంతసేపూ వాళ్ళకి వీపు మీద గిలిగింతలు తప్ప ఇంకేం తెలియలేదు. కెమెరా తిప్పే పిడి వాళ్ళ చేతికే ఇచ్చాక, కొన్ని గంటల సాధనతో, వస్తువు వీపు మీద లేదు, నా ముందు ఉంది అనడం మొదలుపెట్టారు, టెలిఫోను, కుర్చీ, తెలిసినవాళ్ళ మొహాలు కూడా గుర్తుపట్టారు. ఒకసారి చెప్పకుండా జూమ్ తిప్పితే ముందు నుంచి ఏదో మీదకొస్తోందని చేతులు అడ్డం పెట్టుకున్నారు, పొడిచేది వీపు మీదైనా సరే.

అక్కడా చర్మం మీద కొట్టడమే, నీ దగ్గరా అదే. తేడా ఆ పిడి. నీ బెల్టులో సెన్సర్లు బొడ్డు ఎటు తిరిగితే అటే చూస్తాయి, బాబాయికి అనుమానం వచ్చి ఎడమ పక్కన ఏముందో చూద్దామంటే మొత్తం మనిషి తిరగాలి. ఆయన కర్రతో అలా చేస్తాడా? కర్రని ఒకసారి ఇటు, ఒకసారి అటు, అనుమానం ఉన్న చోట రెండుసార్లు, తెలిసిన చోట అసలు వెయ్యకుండా, ఎంత సుకుమారంగా వాడతాడో ఒకసారి వెనక నిలబడి చూడు. అడగనప్పుడు కూడా మాట్లాడుతూనే ఉండే మనిషి పక్కన నడవడం ఎలా ఉంటుందో నీ బెల్టు ఆయనకి అలా ఉంది.

బెల్టు అనే వస్తువే తప్పని మాత్రం అనుకోకు. జర్మనీలో ఓస్నాబ్రూక్ యూనివర్సిటీలో పీటర్ కోనిగ్ బృందం నడుము చుట్టూ 13 మోటార్లు పెట్టి ఒక బెల్టు చేసింది, ఉత్తరం ఎటుందో ఆ వైపు మోటారు ఒక్కటే మెల్లగా కొడుతూ ఉంటుంది, మనిషి తిరిగితే అదీ తిరుగుతుంది. ఆరు వారాలు రోజూ కట్టుకున్నాక కొందరికి మోటారు సంగతే గుర్తు లేకుండా, ఊరి దిక్కులన్నీ తలలో దిద్దినట్టు తెలిశాయట. 2005లో వచ్చింది ఆ పేపరు. అది మనుషుల్లో ఎవరికీ లేని ఇంద్రియం, దేన్నీ పక్కకి నెట్టలేదు, ఉన్నవాటి పక్కన వచ్చి కూర్చుంది. పైగా మనిషి తిరిగిన ప్రతిసారీ దానికి సమాధానం వస్తుంది. మీ బాబాయికి నువ్వు చేసింది ఆయనకి అప్పటికే ఉన్నదాన్ని తక్కువ నాణ్యతతో మళ్ళీ ఇవ్వడం. ఇంకో ఆరు వారాలు కట్టుకుంటే అలవాటైపోతుందిలే అని మీ నాన్న అనొచ్చు, నాకా నమ్మకం లేదు.

ఇంకో సంగతి, ఇది చదివినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డా. ఉత్తరం రెండో ముక్కలో ఏదో చెప్తూ మధ్యలో రాశావు, కిందటి ఏడు ఆగి ఉన్న లారీ వెనక ఇనప చువ్వలు తగిలి బాబాయి నుదుటికి మూడు కుట్లు పడ్డాయని. అది నుదుటి ఎత్తు. నీ సెన్సర్లు నడుము దగ్గరున్నాయి, 15 డిగ్రీల కోణంలో చూస్తాయి, రెండు మీటర్ల దూరంలో కూడా పైకి ముప్ఫై సెంటీమీటర్లు దాటవు. ఆ లారీ మళ్ళీ వచ్చి అక్కడే ఆగితే, బాబాయి నీ బెల్టు కట్టుకుని నడిస్తే, మళ్ళీ మూడు కుట్లే. కాలవ గట్టు సంగతి ఇంకా భయం. అక్కడ ప్రమాదం అడ్డం వచ్చేది కాదు, నేల లేకపోవడం, తూము దగ్గర గోతులు, విరిగిన కల్వర్టు. అడ్డం లేదు కాబట్టి బెల్టు హాయిగా మౌనంగా ఉంటుంది. అక్కడ ఆయన్ని కాపాడుతోంది వెదురు కర్ర ఒక్కటే. నువ్వు ఇంతవరకూ ఆయన్ని ఒక్కసారైనా "బాబాయ్, నీకు నిజంగా ఎక్కడెక్కడ తగులుతోంది" అని అడిగావా? ఉత్తరం రెండుసార్లు చదివా, ఎక్కడా కనపడలేదు.

కర్రతో నేల తెలుస్తుంది, మోకాలి పైన ఉన్నది తెలియదు. సన్‌షేడ్లు, సగం ఎత్తిన షట్టర్లు, ట్రాక్టర్ తొట్టి, కిందకి వాలిన కొబ్బరి మట్టలు, లారీ చువ్వలు, ఇవన్నీ కర్ర మీదుగా వచ్చి తగులుతాయి. ఐఐటీ ఢిల్లీ వాళ్ళు సరిగ్గా ఈ ఖాళీ చూసుకునే స్మార్ట్‌కేన్ చేశారు, 2014లో బయటికొచ్చింది. మడిచే తెల్ల కర్ర పిడికి తగిలించుకునే చిన్న పరికరం, మోకాలి పైన ఉన్నవాటిని మూడు మీటర్ల లోపు అల్ట్రాసోనిక్‌తోనే పట్టి, పిడిలో రకరకాల లయల్లో కొట్టి చెప్తుంది. సక్షమ్ అనే సంస్థతో కలిసి, చూపులేని వాళ్ళని పక్కన పెట్టుకుని చేశారు. గమనించావా, కర్రని తీసెయ్యలేదు, కర్ర చేసే పని కర్రకే వదిలేశారు, అదీ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎటు తిప్పితే అటు చూస్తుంది.

సరే, ఇప్పుడేం చెయ్యాలి అంటే, నేను ఒక్కటే చెప్పను, నీ ముందు దార్లున్నాయి.

మొదటిది, ఇక్కడితో ఆపెయ్యడం. ప్రాజెక్టు అయిపోయింది, మార్కులొచ్చాయి, ఉద్యోగం చూసుకోవడం. ఇది ఓటమి అని ఎవరైనా అంటే పట్టించుకోకు, చాలామంది చేసేది ఇదే. కాకపోతే ఆ బెల్టు మేకు మీద ఉన్నన్నాళ్ళూ బాబాయికి నిన్ను చూస్తే మొహమాటం, నీకు ఆయన్ని చూస్తే గిల్టు, అందుకని ఆపేసినా వెళ్ళి ఆ మాట చెప్పి ఆపు. "బాబాయ్, ఇది నీకు సరిపడలేదని నాకర్థమైంది, మోటార్లు పీకేసి ఇంకోదానికి వాడుకుంటా, ఇచ్చెయ్" అంటే చాలు, ఆయన ఎంత ఊపిరి పీల్చుకుంటాడో చూడు.

రెండోది, ఆయనతో కలిసి మళ్ళీ మొదలుపెట్టడం. ఇందులో చిక్కేంటంటే చివరికి మీ ఇద్దరూ కలిసి తేల్చేది "స్మార్ట్‌కేన్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది" అని కావచ్చు. అప్పుడు ఇంజనీర్‌గా నీకు మనసులో చురుక్కుమంటుంది, ముందే చెప్తున్నా. లేదా అస్సలు ఎలక్ట్రానిక్స్ లేని జవాబు రావొచ్చు. ఆయన వాడేది నడుము దాకా వచ్చే వెదురు చేతికర్ర, మనిషి వాలడానికి చేసింది. పొడుగు తెల్ల కర్రని అటూ ఇటూ ఊపుతూ, తర్వాత అడుగు పడే చోటుని ముందే తడిమే పద్ధతి వేరు, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అనే ఆయన తయారుచేసింది, దాన్ని ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తిరిగి రానివాళ్ళకి ఇలాంటివి నేర్పే పునరావాస విభాగం ఉంది. ఆయన "గుడ్డికర్ర" అన్నాడంటే ఆ మాట వెనక 14 ఏళ్ళ అవమానాలు ఉండి ఉంటాయి, కొనిచ్చి చేతిలో పెడితే తీసుకోడు. అక్కడికి వెళ్ళి, తనలాంటి ఇంకో నడివయసు మనిషి అదే కర్రతో దర్జాగా నడుస్తుంటే, ఆ కర్ర చప్పుడు వింటే, అప్పుడు ఏమంటాడో చెప్పలేం. ఒప్పుకోకపోయినా అది ఆయనిష్టం, బలవంతపెట్టకు.

ఇవన్నీ దాటి కూడా ఏదైనా చెయ్యాల్సింది మిగిలిందనుకో, అప్పుడు చెయ్యి. ఒకే ఒక సెన్సరు, చేతిలోనో టోపీకో, నుదుటి ఎత్తున పైకి చూసేలా, బొత్తాం నొక్కినప్పుడే పలికేలా. టోపీ అంటే వేసుకుంటాడో లేదో, ఎండాకాలం తలపాగా చుడతాడేమో అడుగు. ఈసారి లుంగీ కట్టుకునే మనిషికి బెల్టు మాత్రం చెయ్యకు తల్లీ, మొదటి రోజు అది ఎక్కడ నిలబడిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మూడోది స్టార్టప్. నీ పార్టనర్‌ని నేను విలన్‌ని చెయ్యను, అతను చూసింది ఫస్ట్ ప్రైజే, మేకుకి వేలాడే బెల్టు అతను చూడలేదు, అతన్ని ఒక రోజు ఊరికి తీసుకురా. వీడియో సంగతి మాత్రం నేను కచ్చితంగా ఉన్నా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేకపోయినా, రెండో టేక్ అని చెప్పకుండా, మూడు రోజులకే ఆయన తీసేశాడని చెప్పకుండా "యూజర్ టెస్టింగ్" గడిలో పెడితే అది అబద్ధమే. ఆ పైన అది బాబాయి మొహం. ఎక్స్‌పోకి ఒప్పుకున్నాడు, డబ్బు అడిగే ఫారంలో పెట్టడానికి ఒప్పుకున్నాడా? అడిగితే నీ మొహం చూసి ఒప్పేసుకుంటాడు కూడా, అందుకే అడిగేటప్పుడు నువ్వు కాకుండా పిన్నితో అడిగించు, వద్దనడానికి ఆయనకి వీలుండాలి.

అప్లై చెయ్యాలనే ఉంటే, ఆ గడిలో ఉన్నదున్నట్టు రాసి చూడు. ఒక యూజర్, మూడు రోజులు, మానేశారు, కారణాలు ఇవీ, 900 మిల్లీసెకన్ల ఆలస్యం ఇదీ, తర్వాత మార్చబోయేది ఇదీ అని. దీనివల్ల సెలెక్ట్ కాకపోయే అవకాశం బాగానే ఉంది, ఫారాలు చూసేవాళ్ళలో నవ్వే మొహాల వీడియోకి పడిపోయేవాళ్ళు ఉంటారు. సెలెక్ట్ అయితే మాత్రం నిన్ను తీసుకున్నది అర్థమైన మనుషులని నమ్మొచ్చు. వీడియో పెట్టి సెలెక్ట్ అయ్యావనుకో, అప్పుడు రేపు ఆ బెల్టునే యాభై మందికి పంచాలి, యాభై మేకులు.

ఇంకొకటి కూడా స్టార్టప్ అనేముందు ఆలోచించు. అమెరికాలో ఆర్గస్ టూ అని కంట్లో అమర్చే పరికరం ఉండేది, 2013లో అక్కడ అనుమతి వచ్చింది, ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు, దాదాపు అందరిదీ మీ బాబాయి జబ్బే. 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది. పరికరం కంట్లో ఉంది, పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు. నీ బెల్టు ఒంట్లో పెట్టేది కాదు కాబట్టి అంత ఘోరం జరగదు, కానీ ఒక మనిషి నిజంగా నీ వస్తువు మీద ఆధారపడి వినడం తగ్గించుకున్నాక, రెండేళ్ళకి నీకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే బ్యాటరీ ఎవరు మారుస్తారు? తణుకులో, భీమవరంలో సెల్ రిపేర్ షాపు కుర్రాడు బాగుచెయ్యగలిగేలా చేస్తే అదే పెద్ద డిజైన్ నా దృష్టిలో, కానీ దానికి అవార్డులివ్వరు.

నాన్నగారి సంగతి తేలికే. తమ్ముడి మీద కోపం అంటున్నావు గానీ, కూతురి ప్రైజు మేకుకి వేలాడుతుంటే ఏ తండ్రికైనా మనసు చిన్నబుచ్చుకుంటుంది. నువ్వే వెళ్ళి "నాన్నా, అది సరిగ్గా పనిచెయ్యదు, నేనే లెక్క తప్పా" అని ఆ 900 మిల్లీసెకన్ల లెక్క కాగితం మీద వేసి చూపించు. తప్పు నీ నోటి నుంచి వస్తే ఆయనకి తమ్ముడి మీద పడేయడానికి ఏం మిగలదు. పండగ మాటలు వాళ్ళే మాట్లాడుకుంటారు.

నువ్వు ఏ దారి పట్టినా ముందు ఒక వారం ఊరెళ్ళు, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళకు. పొద్దున్నే టీ కొట్టుకి ఆయనతో వెళ్ళు. కళ్ళకి గంతలు కట్టుకుని నడిచి చూద్దామన్న ఆలోచన వస్తుంది, వద్దు, అది నీకు భయం ఒక్కటే నేర్పుతుంది, ఆయనకి తెలిసిందేంటో నేర్పదు. కళ్ళు తెరుచుకునే నడువు, నడుస్తూ అడుగుతూ ఉండు, ఇప్పుడు ఎక్కడున్నాం, ఎలా తెలిసింది, మిల్లు చప్పుడా, ఊక వాసనా, కాళ్ళ కింద మట్టి మారిందా, ఇక్కడెందుకు ఆగావు, అక్కడ కర్ర రెండుసార్లు ఎందుకు వేశావు. బెల్టు మాట ఎత్తకు, ఆయనంతట ఆయన ఎత్తితే విను. ఆ లారీ ఏ మలుపులో ఆగిందో చూపించమను, అక్కడ నిలబడి నుదుటి ఎత్తు టేపుతో కొలుచుకో. తిరిగొచ్చేటప్పుడు తూము దగ్గర ఆయన చెయ్యి నువ్వు పట్టుకుని లాగకు, నీ మోచెయ్యి ఇచ్చి పట్టుకోమను, ఒక అడుగు నువ్వు ముందుండు.